గోదావరి కత్తికి దక్కని మర్యాద

సంక్రాంతి వస్తే చాలు, కెమెరాలన్నీ భీమవరం వైపు తిరుగుతాయి. కోడి కాలికి కట్టే కత్తి ఎలా ఉంటుందో, దాన్ని ఎవరు నూరారో, ఎవరు కట్టారో మూడు రోజులపాటు అదే వార్త. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి రాష్ట్ర జూద చట్టం కోడిపందేన్ని నేరమంటున్నా ఆ కత్తికి వచ్చిన పేరు ఏటికేడాది పెరుగుతూనే ఉంది. గోదావరి జిల్లాల కత్తి అంటే బయటివాళ్ళకి ఇప్పుడు తెలిసింది అదొక్కటే. పండగ మూడు రోజులు నెత్తురు చూసే ఆ ఇనుప ముక్కకు దక్కిన ప్రచారంలో నూరోవంతైనా, మిగిలిన మూడొందల అరవై రోజులూ ఈ డెల్టాకి అన్నం పెట్టే కత్తులకు దక్కలేదు. ఇది అన్యాయమని ఎవరో ఒకరు గట్టిగా అనాలి కదా, ఎవరూ అనకపోతే నేనంటున్నాను.

నేను చెబుతున్నది పనికత్తుల గురించి. తెల్లవారకముందే కల్లుగీత కార్మికుడు నడుముకు బిగించుకుని బయలుదేరే కత్తి. అంబాజీపేట, అమలాపురం చుట్టుపక్కల తోటల్లో కొబ్బరి దింపు కార్మికుడితో పాటు చెట్టెక్కి దిగే కత్తి. రావులపాలెం మార్కెట్టుకి పోవలసిన అరటి గెలను ఒక్క వేటుకు చెట్టునుంచి వేరుచేసే కత్తి. రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర ఎండలో నిలబడినవాడు బొండాం మూతి చెక్కే కత్తి. వేసవిలో ముంజలు కొట్టే కత్తి. పడవలో వల తెగ్గోయడానికి మొలలో దోపుకునే చాకు. ఆడవాళ్ళ పాదం కింద కదలకుండా కూర్చుని తరతరాల కూరగాయల్నీ చేపల్నీ తరిగిన కత్తిపీట. వరదనీటికి ఎదురీదుకుంటూ వచ్చిన పులసను వేలకు వేలు పోసి కొన్నామని చెప్పుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అంత ముళ్ళ చేపను ముక్క చెదరకుండా కోసిన కత్తిపీట ఏ కొలిమిలో పుట్టిందో చెప్పగల ఇల్లు మాత్రం వెతికినా దొరకదు.

వీటిలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరిది గీత కత్తి. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దాని పనితనం తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు.

తాటిచెట్టు అరవై అడుగులు ఎదుగుతుంది. మోకు ఆధారంగా పైకి వెళ్ళిన మనిషి, రెండు చేతులూ పనిలో ఉండగా ఒళ్ళంతా ఆ తాడుకే అప్పగించి నిలబడతాడు. మాఘమాసం మొదలు ఎండలు ముదిరేదాకా గెల కొసను రోజూ రెండు మూడుసార్లు ఉల్లిపొరంత పలచగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల తొందరగా అరిగిపోయి ఆ ఏటి ఆదాయం మధ్యలోనే ఆగిపోతుంది. కత్తి మొద్దుబారిందంటే అంతకన్నా నష్టం. పీచు తెగకుండా నలుగుతుంది, రసం ఊరే నాళాలు మూసుకుపోతాయి, ధార నిలిచిపోతుంది. నునుపైన కోత పడితేనే చెట్టు రసాన్ని వదులుతుంది. అందుకని అతని దగ్గర రెండు కత్తులు ఉంటాయి. బరువుగా, మొరటుగా ఉన్నది మట్టలు కొట్టడానికి. పలచగా, వెడల్పుగా ఉన్నది గీతకు. గీత కత్తిని మట్ట మీద వెయ్యడు, ఎంత తొందరలో ఉన్నా వెయ్యడు. చెక్క మీద పలుగురాతి పొడి చల్లి రోజూ దాన్ని నూరుకుంటాడు. నూరాక ముంజేతి వెంట్రుకలు గీసి చూసుకుంటాడు. అవి తెగకపోతే మళ్ళీ చెక్క ముందు కూర్చుంటాడు.

ఆసుపత్రిలో ఆపరేషను చేసే కత్తి పదునును మనం గౌరవిస్తాం. అరవై అడుగుల ఎత్తున, గాలికి ఊగే చెట్టుమీద, వంచిన నడుముతో, పలచని పొరను రోజూ అదే మందంలో తీసే చేతిని, ఆ చేతిలోని కత్తిని మాత్రం కల్లు అనే మాట పక్కన పడేసి చూడలేకపోతున్నాం. తాగుడు మీద ఉన్న కోపాన్ని పనిముట్టు మీద, పనివాడి మీద చూపిస్తున్నాం. అదే చెట్టు, అదే కోత నీరానిస్తుంది, తాటిబెల్లాన్ని ఇస్తుంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం తాటిచెట్టు మీద పరిశోధన చేస్తోంది, సంతోషం. తాటిబెల్లం మంచిదని డాక్టర్లు చెబితే నగరాల్లో ఎగబడి కొంటున్నారు, ఇంకా సంతోషం. ఆ బెల్లం పాకంలో మొదటి చుక్క రాలాలంటే పైన ఒక కత్తి పదునుగా ఉండాలన్న మాట ఏ పొట్లం మీదా రాసి ఉండదు.

మా వైపు ఒక గీత కార్మికుణ్ణి అడిగాను, కొత్త కత్తి ఎక్కడ చేయించుకుంటావని. "ఎక్కడండీ బాబుగారూ, చేసేవోరేరండీ? మా నాన్న కత్తే అరగదీసుకుంటన్నానండి" అన్నాడు. చూపించాడు. మొదట్లో అరచెయ్యంత వెడల్పున్న ఆకు నూరగా నూరగా రెండు వేళ్ళంతకు వచ్చింది. పిడి మాత్రం మూడోసారి మార్చాడట. ఆయ్, పదునుకేం లోటు లేదండి అని కూడా అన్నాడు.

ఇక ఆ పదును వెనకున్న మనిషి సంగతి. ఊరికొక కొలిమి ఉండే రోజుల్లో పుట్టినవాణ్ణి కాబట్టి నేను చూసిందే చెబుతున్నాను. మన కమ్మరి చేసే కత్తికి ఉక్కు ఎక్కువగా పాత లారీల కమాను పట్టీల నుంచి వస్తుంది. తుక్కు ఇనుము అనేసి పెదవి విరిచేవాళ్ళు ఒక్క సంగతి తెలుసుకోవాలి. కమాను పట్టీ మామూలు ఇనుము కాదు. నూటికి అరపాలో కాస్త ఎక్కువో కర్బనం, దాంతో పాటు సిలికానో మాంగనీసో కలిసిన స్ప్రింగు ఉక్కు అది. వంగి మళ్ళీ నిలబడడానికే పుట్టింది. దెబ్బ తినే కత్తికి, కొమ్మ మీదా గెల మీదా కొబ్బరి డొక్క మీదా పడే కత్తికి అంతకన్నా తగిన ఉక్కు చవగ్గా దొరకదు. ఈ ఎంపిక ఏ ఇంజినీరింగు కాలేజీ చెప్పినదీ కాదు. ఎద్దుబండి చక్రం పట్టాల కాలం పోయి లారీలు వచ్చిన తరంలో కమ్మరులే పట్టీలు తెచ్చి, కాల్చి, కొట్టి, విరిచి చూసి కనిపెట్టుకున్నారు.

ఆ తరవాతి పనే అసలు విద్య. బొగ్గుల్లో పట్టీ ఎర్రబారాక దాగలి మీద సమ్మెట దెబ్బలతో ఆకు సాగుతుంది. వెన్ను మందంగా ఉంచి అంచుకేసి పలచబరుస్తాడు. రూపం వచ్చాక ఒకసారి ఎర్రగా కాల్చి బూడిదలో పడేసి తనంతట తాను చల్లారనిస్తాడు, సమ్మెట పెట్టిన బిగువు సడలడానికి. అప్పుడు చివరి కాపు. చూసేది కంటితోనే, అందుకే కొలిమిని నీడలో పెడతారు. ఎండ వెలుతురులో ఇనుము రంగు మోసం చేస్తుంది. ఎరుపు సరిగ్గా పండిన క్షణాన ఆకును తీసి, మొత్తం కాకుండా అంచు వరకే నీళ్ళలో ముంచుతాడు. అంచు గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా మిగులుతుంది. బయటికి తీసి అంచును ఆకురాయితో ఒక్క గీటు మెరిసేలా రుద్ది, కళ్ళార్పకుండా చూస్తాడు. వెన్నులో దాగిన వేడి మెల్లగా అంచువైపు పాకుతుంటే ఆ మెరుపు మీద రంగులు నడుస్తాయి. ముందు గడ్డి పసుపు, దాని వెనక గోధుమ రంగు, ఆ వెనక ఊదా, చివర నీలం. గీత కత్తికి పసుపు అంచుకు చేరగానే ఆపాలి. దెబ్బలు తినే మట్టకత్తికి ఇంకాస్త ముందుకు పోనివ్వాలి. ఒక్క లిప్త ఆలస్యమైతే పదును నిలవదు, ఒక్క లిప్త తొందరపడితే అంచు పెళుసై పెచ్చు లేస్తుంది. లోహశాస్త్రం పుస్తకాల్లో పసుపు రంగుకు సుమారు 220, 230 డిగ్రీలనీ నీలానికి 300 దగ్గరనీ రాసి ఉంటుంది. మన కమ్మరి దగ్గర ఆ పుస్తకమూ లేదు, వేడి కొలిచే సాధనమూ లేదు. అతను చేసే పని మాత్రం అదే, అక్షరం తేడా లేకుండా.

ఇంత చేసి, తుమ్మ చేవతో పిడి చెక్కి, పగలకుండా ఇనుప పొన్ను ఎక్కించి చేతిలో పెడితే మనమిచ్చేదెంత? బజారులో చైనా నుంచి వచ్చిన మెరుపు కత్తి ధర చెప్పి బేరమాడతాం. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదు కదా అంటాం. నిజమే, పట్టదు. చవకరకం స్టెయిన్‌లెస్ పదునూ పట్టదు. మొదటి నెల కోస్తుంది, రెండో నెల నలుపుతుంది, ఆ తరవాత సానవాడికిచ్చినా మొదటి రోజు తీరు మళ్ళీ రాదు. కొలిమి కత్తి నల్లబడుతుంది, తడి తుడవకపోతే తుప్పు చార పడుతుంది. రాత్రి ఒక చుక్క కొబ్బరి నూనె రాస్తే తీరిపోయే ఇబ్బంది అది. దానికి బదులుగా ఇంటి గడప మీదే, అరుగు రాతి మీదే నాలుగు రుద్దులు రుద్దితే మళ్ళీ గీసుకుపోయే అంచునిస్తుంది. ఇరవై ఏళ్ళు పనిచేసే వస్తువుకు ఒక పూట హోటలు భోజనం ఖర్చు పెట్టలేనంత పేదవాళ్ళమా మనం?

తెలుగువాళ్ళ ఉక్కుకి ఒకప్పుడు ఇంత తక్కువ చూపు లేదు. ఇప్పటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం అనే ఊరి మూసల్లో కాగిన ఉక్కు పర్షియాకు పోయి అక్కడ కత్తులై మెరిసింది. లాంబ్టన్ నడిపిన భూమి కొలతల సర్వేతో పాటు దక్కను తిరిగిన భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్‌సే ఆ ఊరికి వెళ్ళి ఉక్కు తయారీని కళ్ళారా చూసి రాశాడు. దాన్ని కొనడానికి ఇస్ఫహాను నుంచి వచ్చిన వర్తకుడే అతనికి అక్కడ ఎదురుపడ్డాడు. 1824లో వాయ్‌సే చనిపోయాక, 1832లో ఆ వ్యాసం అచ్చయింది. డమాస్కస్ కత్తి అని లోకం మురిసిపోయే వస్తువుకు ముడిసరుకు పంపిన ఊళ్ళలో అదొకటి. పేరు డమాస్కస్‌కి పోయింది. కొలిమి మనదైనా కీర్తి మనది కాకపోవడం ఈనాటి కథ కాదన్నమాట.

గోదావరి జిల్లాకి వస్తే, గీత కత్తి చరిత్రలోకి ఎక్కిన ఏడాది ఒకటుంది, 1879. రంప కొండల్లో ప్రతి ఇంటికీ జీలుగు చెట్టు, తాటిచెట్టు కన్నతల్లి పాలంత అవసరం. ఆ కొండల్ని ఏలే మనసబుదారు ఆ కల్లు మీద చిగురు పన్ను వేశాడు. చాలదన్నట్టు కొత్త ఆబ్కారీ నిబంధనలతో ఇంటికోసం గీసుకునే కల్లు కూడా గుత్తేదారు చేతిలోకి పోయింది. తన చెట్టు మీద తన కత్తి పెట్టడానికి ఇంకొకరి అనుమతి కావాలన్నారు. ఆ ఏడాది మార్చిలో కొండలు తిరగబడ్డాయి. అణచడానికి మద్రాసు ప్రభుత్వం సైన్యాన్ని దింపాల్సి వచ్చింది, 1880 దాకా పోరు సాగింది. ఆ తిరుగుబాటుకు ఇంకా కారణాలున్నాయి. అప్పులు, కోర్టు జప్తులు, మనసబుదారు దౌర్జన్యం అన్నీ కలిశాయి. అయినా మొదటి కారణాల వరసలో గీత ఉంది. నలభై ఏళ్ళ తరవాత అదే మన్యంలో అల్లూరి సీతారామరాజు చేసిన పోరాటం ప్రతి తెలుగు పిల్లాడికీ తెలుసు, తెలియాలి కూడా. 1879 రంప పితూరీ మాత్రం పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలు దాటదు. ఆ రెండు వాక్యాల్లో కత్తికి చోటు దక్కదు.

ఆ కొండల్లో ఇప్పటికీ కొండరెడ్డి, కోయ ఇళ్ళల్లో మగవాడు బయటికి వెళితే కత్తి వెంట ఉంటుంది. వెదురు నరకడానికి, పోడు చెయ్యడానికి, దారికి అడ్డొచ్చిన తీగ కొట్టడానికి, జీలుగు గెల చెక్కడానికి అదే. ఒకప్పుడు వేటాడిన జంతువును కోసిందీ అదే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట మానాల్సిందే, పాపికొండల అడవిలో మిగిలిన దుప్పి బతకాల్సిందే. ఆ మాటలో నాకు రెండో ఆలోచన లేదు. కానీ వేట పోయిందని ఆ కత్తి విలువ పోలేదు. మొన మీద బరువు కూడేట్టు ముందుకు వంగిన ఆ ఆకు తీరును, ఒక్క వేటుకు వెదురును ఏటవాలుగా తెంచే ఆ వంపును ఇంతవరకు ఎవరైనా కొలిచి బొమ్మ గీశారా? బాణాలు, బుర్రలు, పూసల దండలు సేకరించినవాళ్ళు కత్తి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఎందుకు తీసుకున్నారో నాకు తెలుసు. కత్తి అనగానే భయం. పత్రికలో కత్తి కనపడితే హత్యావార్తే. సినిమా పోస్టరులో కనపడితే పగ. పోలీసు పంచనామాలో కనపడితే మారణాయుధం. పనికి పోతున్న దింపు కార్మికుడు కత్తిని గోనెసంచిలో చుట్టి సీటు కింద దాచుకుని బస్సెక్కడం నేను చూశాను. పక్క సీటు పెద్దమనిషి జరిగి కూర్చోవడమూ చూశాను. ఆ పెద్దమనిషి ఇంట్లో పొద్దున పచ్చడికి కొబ్బరి అతని చేతిమీదుగానే దిగి ఉంటుంది. నిజానికి చట్టం మన పెద్దమనుషుల కన్నా తెలివిగా ఉంది. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనలు 9 అంగుళాలకు మించి పొడవో 2 అంగుళాలకు మించి వెడల్పో ఉన్న కత్తుల్ని ఆయుధాల పట్టీలో చేరుస్తూనే, ఇంటిపనికీ వ్యవసాయానికీ శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకీ తయారైనవాటిని విడిగా మినహాయించాయి. పనికత్తి వేరు, ఆయుధం వేరని రాతపూర్వకంగా ఒప్పుకున్న దేశంలో, పనివాడు తన పనిముట్టును దొంగసొత్తులా మోసుకుపోవాల్సిన గతి ఎందుకు పట్టింది?

బయటి లోకం రైతు కత్తిని ఎలా చూసుకుందో చెబితే మనకు సిగ్గు కలగాలి. ఫ్రాన్సులో సవోయి కొండప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే పనిముట్లు చేసేవాళ్ళింటి కుర్రాడు 1890లో మడత చాకు ఒకటి చేశాడు. కర్బనపు ఉక్కు ఆకు, చెక్క పిడి, అంతే. రొట్టె కోసుకోవడానికి, ద్రాక్షతీగ కత్తిరించడానికి రైతులు జేబులో వేసుకు తిరిగిన వస్తువు. 1985లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాన్ని ప్రపంచంలో అందమైన వంద వస్తువుల్లో ఒకటిగా నిలబెట్టింది. జర్మనీలో జోలింగన్ ఊరివాళ్ళు 1938లోనే తమ ఊరి పేరుకు చట్టరక్షణ తెచ్చుకున్నారు. ఆ ఊళ్ళో తయారుకాని కత్తి మీద ఆ పేరు కొట్టకూడదు. జపాను 1974లో సంప్రదాయ చేతివృత్తుల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. సకాయ్ పట్టణంలో కత్తి కొట్టేవాడు వేరు, సానపట్టేవాడు వేరు, పిడి వేసేవాడు వేరు, ప్రతివాడికీ గౌరవం ఉంది. ఆ కత్తి కొనడానికి మన వంటవాళ్ళు కూడా బారులు తీరుతున్నారు. హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మన పిల్లలు ఆ జపాను కత్తికి పెట్టే డబ్బుతో మన ఊళ్ళో ఒక కమ్మరి కొలిమి కొన్నాళ్ళు వెలిగి ఉంటుంది. కొనొద్దని నేననను. మంచి కత్తి ఎక్కడిదైనా మంచి కత్తే. అంచు మాత్రం గట్టిగా, వెన్ను మెత్తగా ఉంచాలన్న సూత్రం అక్కడ సముద్రమంత కీర్తి తెచ్చుకుంటే, అదే సూత్రంతో మన కొలిమిలో పుట్టిన కత్తిపీట సంతలో గోనెపట్టా మీద పడుండడం ఎందుకని అడుగుతున్నాను.

అంత దూరం పోనక్కర్లేదు. మీరట్ కత్తెర్లకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కత్తెర్లు దేనితో చేస్తారు? పాత బస్సుల, లారీల, రైళ్ళ తుక్కు ఉక్కుతో. మన కమ్మరి వాడే సరుకే. మన జిల్లాల్లో ఉప్పాడ జామ్‌దానీకి 2009లో, ఆత్రేయపురం పూతరేకుకి 2023లో, నరసాపురం లేసుకి 2024లో అదే గుర్తింపు దక్కింది. మూడూ అర్హమైనవే, ఆ చేతులకు దణ్ణం. పూతరేకు వెయ్యడానికి కావలసిన నేర్పు కొలిమి దగ్గర రంగు చూసి ఆపడానికి కావలసిన నేర్పుకన్నా ఎక్కువదని ఎవరైనా అంటారా? ఒక చేతివృత్తుల ప్రదర్శన నిర్వాహకుల్ని నేనే అడిగాను, మా వైపు కమ్మరికి ఒక బల్ల ఇవ్వండి, కత్తులూ కత్తిపీటలూ పెడతాడని. కుటుంబాలు వచ్చే చోట కత్తులు బావుండవండీ అన్నారు. కుటుంబాలు! ఏ కుటుంబం వంటింట్లో కత్తిపీట లేదో చెప్పమని అడగాలనిపించింది. అడిగాను కూడా. సమాధానం రాలేదు, బల్లా రాలేదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అంటే అబద్ధం అవుతుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి, కమ్మరం వాటిలో ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకు 500, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరవాత రెండు లక్షల దాకా అప్పు. మంచిదే. కానీ పనిముట్లు ఇస్తే చేసినదాన్ని కొనేదెవరు? వరికోత యంత్రాలు వచ్చి కొడవలి కొలువు ఊడింది. కొడవళ్ళ సీజను మీద ఏడాదంతా బతికిన కొలిమికి అది మొదటి దెబ్బ. చవక కత్తుల దిగుమతి రెండోది. మూడోది మన చిన్నచూపు, అది అప్పుతో తీరేది కాదు. కమ్మరి కొడుకు గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డింగు షాపు పెట్టుకున్నాడంటే తప్పు పట్టలేం, అందులో కూలి గిడుతుంది. అతని తండ్రి కళ్ళల్లో ఉన్న పసుపు రంగుకూ గోధుమ రంగుకూ మధ్య తేడా మాత్రం ఆ షాపులో నేర్చుకోవడానికి దొరకదు. ఆ తేడా తెలిసిన కళ్ళకు ఇప్పుడు శుక్లాలు వస్తున్నాయి.

అందుకని అడుగుతున్నాను, గొంతెత్తే అడుగుతున్నాను. ధవళేశ్వరంలో కాటను మ్యూజియం ఉంది. 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టిన రోజుల పనిముట్లను అక్కడ చూడొచ్చు. ఆ ఆనకట్ట తెచ్చిన నీటితో పండిన పంటను కోసిన కొడవలి, పెరిగిన కొబ్బరి తోటను దింపిన కత్తి, కాలవగట్టు తాటిని గీసిన కత్తి, ఇవి కూడా ఆ చరిత్రే. వాటికి ఒక గది కావాలి. ఏ పనికి ఏ వంపు, ఏ ఊరి కొలిమిది, ఏ ఉక్కుతో చేసింది అన్న వివరం పక్కన రాసి ఉండాలి. చేసినవాడి పేరు తప్పక ఉండాలి.

వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కొబ్బరి రకాల మీద, అరటి రకాల మీద చేసినంత శ్రద్ధగా గెల కోసే కత్తి మీద ఒక్క అధ్యయనం చేయించాలి. కొలిమి ఆకు, బజారు ఆకు పక్కపక్కన పెట్టి ఎన్ని కోతలకు పదును పోతుందో చూడాలి. లెక్క కాగితం మీద పడితే కమ్మరి తన ధర తాను చెప్పగలడు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం ఇంజినీరింగు కాలేజీల్లో మెకానికల్ చదువుతున్న పిల్లలు నాలుగేళ్ళలో ఒక్క వారమైనా ఊరి కొలిమి దగ్గర కూర్చుని, ఆ రంగుల నడకను ఫోనులో తీసి, ఉష్ణోగ్రత కొలిచి రాసిపెట్టాలి. వాళ్ళ ప్రాజెక్టు రిపోర్టులకు అంతకన్నా మంచి విషయం ఏముంటుంది?

కమ్మరులకు నేను చెప్పదలచుకున్నది ఒకటుంది. మీ కత్తి వెన్ను మీద మీ గుర్తు కొట్టండి. ఉలితో రెండు గీతలైనా సరే, ఊరి పేరు మొదటి అక్షరమైనా సరే. మా ఊరి కమ్మరి మావయ్యగారితో ఈ మాట అంటే నవ్వేసి, "కత్తి తెగితే చాలదేంటి బాబూ, పేరెందుకు?" అన్నారు. చాలదు మావయ్యగారూ. జోలింగన్‌వాళ్ళు అలా అనుకుని ఉంటే వాళ్ళ ఊరూ ఈపాటికి మాసిపోయేది.

కొనేవాళ్ళు ఈసారి సంతకెళ్ళినప్పుడు గోనెపట్టా మీది కత్తిని చేతిలోకి తీసుకుని, ఎవరు చేశారని అడగండి, ఏ ఊరని అడగండి, అతను చెప్పిన ధర ఇవ్వండి. జిల్లా పరిశ్రమల కేంద్రం అధికారులు భౌగోళిక గుర్తింపుకు కావలసిన దరఖాస్తును కమ్మరి సంఘాలతో కలిసి రాయించండి. గీత కత్తికో, దింపు కత్తికో, కత్తిపీటకో, దేనితో మొదలుపెట్టినా ఫరవాలేదు. చేసి చూపించడానికి ఇంకా కొందరు పెద్దవాళ్ళున్నారు. వాళ్ళ కొలిమిలో నిప్పు ఉన్నప్పుడే రండి.